చింపని చీటీ

(కర్నూలులో ఒక ఆదివారం ఉదయం ఇంజనీరింగ్ విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినపడతాందా? సరే. తెల్లవారుజామున బెంగళూరు బస్సు దిగి నేరుగా ఉగ్గాని బజ్జీ తినేదానికి పోయినాను. బజ్జీలు రెండు ఎక్కువ పడినాయి. మధ్యలో నేనే కునికిపాట్లు పడితే లేపండి. (నవ్వులు)

మాది ఆదోని. మా నాయన మార్కెట్ యార్డులో ఒక శెనక్కాయల మండీలో గుమాస్తా పని చేసినాడు. ఆ సంగతి ఇప్పుడెందుకు అంటారేమో, దానితో పని పడుతుంది, కాసేపు ఆగండి. నేను పద్దెనిమిదేళ్ళుగా స్టోరేజ్ డ్రైవర్లు రాస్తున్నాను. కంప్యూటర్లో మీరు "సేవ్" నొక్కిన తర్వాత ఆ అక్షరాలు డిస్కు మీదికి ఎక్కేదాకా జరిగే ప్రయాణంలో చివరి మెట్టు మాది. మా పని సక్రమంగా జరిగితే మేమున్నామని ఎవరికీ తెలియదు. ఈరోజు చెప్పేది సక్రమంగా జరగని కథ. కంపెనీ పేరు, కస్టమర్ పేరు అడగొద్దు, చెప్పను.

ఒక గిడ్డంగి లెక్కలు నడిపే కస్టమర్ దగ్గరి నుంచి ఫిర్యాదు వచ్చింది. మామూలుగా ఫిర్యాదు అంటే "సిస్టమ్ ఆగిపోయింది", "స్లో అయింది" అని ఉంటుంది. ఇది అట్లా కాదు. "పోయిన వారం ఎక్కించిన సరుకు ఈ వారం లెక్కలో లేదు." అంతే. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. అక్కడ ఎంట్రీలు కొట్టే అమ్మాయిని ముందు తిట్టినారంట. "నువ్వు ఎక్కించనే లేదు, ఎక్కించినానని చెప్తున్నావు" అని. ఆమె తన నోటుబుక్కు తెచ్చి చూపించింది, ఫలానా రోజు, ఫలానా టైము, ఇన్ని పెట్టెలు అని. అయినా నమ్మలేదు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదా అనుకునే రోజులు. నాకు ఈ కథలో అన్నింటికన్నా కష్టం అనిపించేది ఆ ముక్కే.

రెండు వారాలకు అదే చోట డేటాబేస్ నిజంగానే అరిచింది. అది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. వాడేవాళ్ళకు తెలుసు, దాంట్లో డేటా అంతా 8192 బైట్ల పేజీలుగా ఉంటుంది. చెక్‌సమ్ ఆన్ చేసుకుని ఉంటే పేజీ రాసేటప్పుడు ఒక లెక్క కట్టి పేజీ తల మీద పెడుతుంది, చదివేటప్పుడు మళ్ళీ లెక్క కట్టి సరిపోల్చుతుంది. ఇక్కడ సరిపోలేదు. కాబట్టి పాపం ఆ అమ్మాయిని వదిలిపెట్టి, అందరూ డేటా దాచే మా ఫ్లాష్ కార్డు మీద పడినారు.

ఇట్లాంటప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. డేటాబేస్ వాళ్ళు తప్పు ఫైల్ సిస్టమ్‌ది, అంటే ఫైళ్ళను డిస్కు మీద సర్దే భాగానిది అన్నారు. ఫైల్ సిస్టమ్ చూసేవాళ్ళు ర్యామ్ చెడింది అన్నారు. ర్యామ్‌కు రెండు రాత్రులు పరీక్ష పెట్టినాం, బంగారంలా ఉంది. కేబుల్ మార్చినాం. కార్డు మార్చినాం. కార్డు లోపల నడిచే ప్రోగ్రాం, అదే ఫర్మ్‌వేర్, రాసే టీమును నేను స్వయంగా మూడు మీటింగుల్లో అనుమానించినాను. వాళ్ళు ఇప్పటికీ నాతో టీ తాగరు. (నవ్వులు) డ్రైవర్ మీద నాకు అనుమానమే రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చెప్తాను, సిగ్గు పడాల్సిన విషయం.

చెడిన పేజీని తెప్పించుకుని హెక్స్‌లో, అంటే ఒక్కో బైటూ అంకెలుగా కనపడేట్టు, తెరిచినాం. నాతో పాటు కూర్చున్న అమ్మాయిది నంద్యాల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. ఆమె అన్నది, "అన్నా, మొదటి 4096 బైట్లు కొత్తవి, మిగతా 4096 పాతవి. కొత్త దాంట్లో ఉన్న పాయింటర్లు పాత దాంట్లో లేని వరుసల్ని చూపిస్తున్నాయి."

చూస్తే నిజమే. కత్తితో కోసినట్టు సరిగ్గా సగానికి ఉంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే డేటా పాడైంది అని అందరూ ఒకే మాట వాడతారు గానీ, పాడైన తీరు చూస్తేనే సగం దారి తెలుస్తుంది. ర్యామ్ చెడితే ఎక్కడో ఒక బిట్టు తిరగబడుతుంది, 0 ఉన్నచోట 1 వస్తుంది. ఇంకెవరి మెమరీలోనో చేయి పెట్టి రాస్తే, సంబంధం లేని చెత్త కనపడుతుంది, మధ్యలో మొదలై మధ్యలో ఆగుతుంది. సెక్టార్ నంబరు, అంటే డిస్కు మీద చోటు నంబరు, లెక్క తప్పితే ఒకరి డేటా ఇంకొకరి ఇంట్లో ప్రత్యక్షమవుతుంది. 32 బిట్ల సంఖ్యను 9 బిట్లు ఎడమకు జరిపి బైట్లు చేసేవాళ్ళు ఉంటారు, 4 జీబీ దాటగానే అది చుట్టు తిరిగి డిస్కు మొదటికొచ్చి రాస్తుంది, పాత డ్రైవర్లలో అది చూసినాం. ఇక్కడ ఇవేవీ కావు. ఉన్నది మంచి డేటానే. నిన్నటి మంచి డేటా. అంటే ఎవరూ చెరపలేదు, తప్పు రాయలేదు. అసలు రాయనే లేదు. రాసినామని మాత్రం చెప్పినారు.

కరెంటు పోతే సగం పేజీ రాసి ఆగిపోవడం ఉంటుంది, దానికి పోస్ట్‌గ్రెస్ దగ్గర మందు ఉంది. కానీ అక్కడ కరెంటు పోలేదు, యూపీఎస్ లాగ్ కూడా తెప్పించుకున్నాం.

నేను కొంచెం సంతోషపడినాను, "సరే, చెక్‌సమ్ ఉంది కాబట్టి పట్టుకుంది" అని. ఆ పిల్ల ఒక నిమిషం నన్ను చూసి, "అన్నా, కోత సరిగ్గా పేజీ అంచు మీద పడితే?" అన్నది.

ఎవరూ మాట్లాడలేదు. ఆలోచించండి. రెండు పేజీలు పక్కపక్కన రాయాల్సింది, మొదటిది పూర్తిగా పోయింది డిస్కు మీదికి, రెండోది పూర్తిగా పోలేదు. డిస్కు మీద రెండో పేజీ నిన్నటిది. దాని చెక్‌సమ్ కూడా నిన్నటిదే. రెండూ చక్కగా సరిపోతాయి! డేటాబేస్ "బాగుంది" అంటుంది. పేజీ సగంలో కోత పడినప్పుడు మాత్రమే అరుస్తుంది. అంటే మాకు వినపడింది కొన్ని కేకలే. నోరు లేకుండా పోయినవి ఎన్నో. గిడ్డంగి అమ్మాయి ఎంట్రీలు అట్లా పోయినవే.

ఇంకొక మెలిక. ఆమె ఎక్కించిన రోజు, మర్నాడు, ఆ మర్నాడు కూడా ఆ లెక్క స్క్రీన్ మీద సరిగ్గానే కనపడింది. ఎందుకంటే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఫైళ్ళను మెమరీలో, పేజీ క్యాష్‌లో పెట్టుకుంటుంది. మీరు చదివితే డిస్కు దాకా పోదు, మెమరీలో ఉన్న కాపీ ఇచ్చేస్తుంది. ఆ కాపీ సరైనదే. డిస్కు మీద ఉన్నదే పాతది. మెమరీలో చోటు చాలక ఆ కాపీని తీసేసినప్పుడో, మెషీన్ రీబూట్ చేసినప్పుడో డిస్కు నుంచి పాతది పైకి వస్తుంది. అందుకే కస్టమర్ ఐటీ వాళ్ళు "రీబూట్ చేస్తే డేటా పోతుంది" అని గట్టిగా నమ్మి, రీబూట్ చేయడమే మానేసినారు. మాకు లాగ్‌లు తీసేదానికి కూడా దొరక్కుండా అయింది.

ఇప్పుడు దారి మ్యాప్ చెప్తాను, లేకపోతే ముందుకు పోలేం. ప్రోగ్రాం కింద ఫైల్ సిస్టమ్, దాని కింద బ్లాక్ లేయర్, దాని కింద డ్రైవర్, దాని కింద కార్డు. బ్లాక్ లేయర్‌కు వచ్చే పనికి రిక్వెస్ట్ అని పేరు, ఫలానా సెక్టార్ నుంచి ఇన్ని సెక్టార్లు రాయి అని. సెక్టార్ అంటే 512 బైట్లు లెక్క. పక్కపక్క సెక్టార్లకు రెండు పనులు వస్తే బ్లాక్ లేయర్ వాటిని కలిపి ఒకే రిక్వెస్ట్ చేస్తుంది, దాన్ని మెర్జ్ అంటారు. తిరిగే డిస్కుల కాలంలో ఇది ప్రాణం. తల ఒకసారి జరగడానికే కొన్ని మిల్లీ సెకన్లు పడుతుంది, రెండుసార్లు జరిపేకంటే ఒక్కసారి పోయి రెండూ రాసుకుని రావడం మేలు. ఇప్పటి ఫ్లాష్ కార్డులకు అంత అవసరం లేదు గానీ ఇంకా లాభమే.

డ్రైవర్ ఏం చేస్తుందంటే, ఆ రిక్వెస్ట్ తీసుకుని, దాని డేటా మెమరీలో ఎక్కడెక్కడ ఉందో ఒక జాబితా రాస్తుంది. ఇక్కడ 4096 బైట్లు, అక్కడ 4096 బైట్లు అని. స్కాటర్ లిస్ట్ అంటారు. కార్డు ఆ జాబితా చూసుకుని తనే మెమరీలోంచి డేటా ఎత్తుకుపోతుంది. గుర్తుపెట్టుకోండి: కార్డు రిక్వెస్ట్‌ను చూడదు. జాబితాను మాత్రమే చూస్తుంది.

బ్లాక్‌ట్రేస్ అని ఒక సాధనం ఉంది, బ్లాక్ లేయర్‌లో జరిగే ప్రతి కదలికకూ ఒక అక్షరం వేస్తుంది. పని డ్రైవర్‌కు పోతే డి, మెర్జ్ అయితే ఎం, వెనక్కి వస్తే ఆర్, పూర్తయితే సి. కస్టమర్ కాళ్ళావేళ్ళా పడి నాలుగు రోజుల ట్రేస్ తెచ్చుకున్నాం. పాడైన పేజీ ఉన్న సెక్టార్ చుట్టూ వెతికితే ఈ వరుస కనపడింది. బోర్డు మీద రాస్తాను.

డి, 73400320, 8 సెక్టార్లు.
ఆర్, అదే, 8 సెక్టార్లు.
ఎం, 73400328, ఇంకొక 8 సెక్టార్లు.
డి, 73400320, 16 సెక్టార్లు.
సి, 73400320, 16 సెక్టార్లు.

చదివితే మొదట ఏ తప్పూ కనపడదు. ఎనిమిది పంపినారు, కార్డు ఇప్పుడు తీరిక లేదు మళ్ళీ రా అన్నది, వెనక్కొచ్చింది, ఆ మధ్యలో పక్కది వచ్చి కలిసింది, పదహారుగా మళ్ళీ పంపినారు, పదహారూ అయిపోయినాయి అన్నారు. ఫర్మ్‌వేర్ టీము దగ్గరికి పోయి (అప్పటికి నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు) ఆ టైములో కార్డు ఎంత తీసుకుందో చెప్పమని అడిగినాం. వాళ్ళ లాగ్‌లో ఉంది: 4096 బైట్లు. అంటే 8 సెక్టార్లు.

పైన 16. కింద 8. మధ్యలో ఉన్నది మా డ్రైవర్ ఒక్కటే.

ఆ ఐదు వరుసలు చూస్తుంటే నాకు కంప్యూటర్ గుర్తు రాలేదు. ఆదోని యార్డు గుర్తుకొచ్చింది. నేను ఎనిమిదో క్లాసు. ఒక రైతు శెనక్కాయలు 10 మూటలు అమ్మినాడు, కాటా అయింది, నాయన చీటీ రాసి హమాలీ మేస్త్రీకి ఇచ్చినాడు, "10 మూటలు, ఫలానా మిల్లు లారీ" అని. మేస్త్రీ చీటీ జోబులో పెట్టుకుని లారీ దగ్గరికి పోతే లారీ నిండింది, రెండో ట్రిప్పుకు రమ్మన్నారు. ఈ లోపల అదే రైతు బండిలో ఇంకొక 6 మూటలు వచ్చినాయి, అదే మిల్లుకే. నాయన ఏం చేసినాడు? తెలివైన పని చేసినాడు. వేరే కుప్ప ఎందుకు అని అదే లాటులో కలిపి, పద్దులో 10 కొట్టేసి 16 రాసినాడు. రెండో లారీ వచ్చింది. మేస్త్రీ జోబులోంచి చీటీ తీసినాడు. 10 మూటలు ఎక్కించినాడు. వచ్చి "గుమాస్తా సామీ, ఆ లాటు అయిపాయ" అన్నాడు. నాయన పద్దులో 16కు టిక్కు కొట్టినాడు.

ఎవరు అబద్ధం చెప్పినారు? ఎవరూ లేదు. మేస్త్రీ లాటు అయిపోయింది అన్నాడు, ఆయన చీటీ ప్రకారం అయిపోయింది. నాయన లాటు అంటే 16 అనుకున్నాడు. సాయంత్రం మిల్లు నుంచి మనిషి వచ్చి, "యాడికి పోయినాయప్పా 6 మూటలు" అన్నాడు. సాహుకారు మొదట చూసింది మా నాయన మొహం.

మా డ్రైవర్‌లో జరిగింది అచ్చం ఇదే. రిక్వెస్ట్ పద్దు. స్కాటర్ లిస్ట్ చీటీ. మొదటిసారి 8 సెక్టార్లకు జాబితా రాసినారు. కార్డు లోపల పాత బ్లాకులు ఊడ్చుకుంటూ తీరిక లేక మళ్ళీ రమ్మన్నది. రిక్వెస్ట్ వెనక్కి పోయింది, పోతూ పోతూ జాబితాను జోబులోనే పెట్టుకుని పోయింది. మా డ్రైవర్‌లో "జాబితా సిద్ధంగా ఉంది" అని ఒక ఫ్లాగు, అంటే ఒక గుర్తు, ఉండేది. రెండోసారి వచ్చినప్పుడు ఆ ఫ్లాగు చూసి, సిద్ధంగా ఉంది కదా, మళ్ళీ ఎందుకు రాయడం అని పాత జాబితానే కార్డుకు ఇచ్చింది. కార్డు అయిందన్నది. డ్రైవర్ రిక్వెస్ట్ మొత్తం అయిందని పైకి చెప్పింది. "డిస్కు మీదికి ఎక్కిందా" అని డేటాబేస్ అడిగే ఎఫ్‌సింక్ విజయం అని తిరిగొచ్చింది. డేటాబేస్ నిశ్చింతగా పడుకుంది.

నంద్యాల అమ్మాయే ఇంకొకటి గుర్తు చేసింది. "అన్నా, 4.19లో వచ్చింది ఇదే కదా?" అని. మీలో లైనక్స్ గమనించేవాళ్ళకు తెలిసి ఉంటుంది. 2018 అక్టోబర్ 22న లైనక్స్ 4.19 కెర్నల్ వచ్చింది. కొన్ని రోజులకే కొంతమంది ఫైల్ సిస్టమ్‌లు పాడవుతున్నాయని ఫిర్యాదులు మొదలైనాయి. అరిచింది ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ కాబట్టి బగ్ ఈఎక్స్‌టీ4 పేరు మీదే నమోదైంది. వారాలు పట్టింది దాన్ని పట్టుకోవడానికి. అందరికీ రాదు, వచ్చినవాళ్ళకు కూడా ఎప్పుడు వస్తుందో తెలియదు. చివరికి డిసెంబర్ మొదట్లో తేలింది, తప్పు ఫైల్ సిస్టమ్‌ది కాదు, బ్లాక్ లేయర్‌ది. రిక్వెస్ట్‌ల వరుస నిర్ణయించే షెడ్యూలర్ ఏదీ పెట్టుకోనప్పుడు రిక్వెస్ట్‌ను నేరుగా డ్రైవర్‌కు ఇచ్చే కొత్త దారి ఒకటి 4.19లో తెరిచినారు. డిస్కులను నడిపే స్కజీ అనే డ్రైవర్ జాబితా రాసుకున్న తర్వాత డివైస్ బిజీ అంటే, ఆ రిక్వెస్ట్‌ను మామూలు వరుసలో పెట్టేవాళ్ళు. అక్కడ దానికి పక్కది వచ్చి కలిసేది. జాబితా పాతదే. రాతలోనే కాదు, చదవడంలో కూడా అంతే: అడిగింది 16, వచ్చింది 8, మిగతా చోట మెమరీలో ముందు ఏ చెత్త ఉంటే అదే. ఫైల్ సిస్టమ్ దాన్ని చూసి గగ్గోలు పెట్టింది.

బ్లాక్ లేయర్ చూసుకునే యెన్స్ ఆక్స్‌బో ముందు ఆ రిక్వెస్ట్‌కు "ఇంకేదీ కలపొద్దు" అని ముద్ర వేసినాడు. వెనకే ఇంకొక ప్యాచ్‌తో, అంటే కోడ్ సవరణతో, అట్లా తిరిగొచ్చినవాటిని డిస్పాచ్ లిస్ట్ అనే వేరే వరుసకు పంపినాడు. ఆ వరుసలో ఎప్పుడూ మెర్జ్ జరగదు. 4.20 పరీక్షా విడుదల అయిన 4.20-ఆర్‌సీ6లోకి, 4.19.8లోకి అవి చేరినాయి. మేం వాడిన బ్లాక్‌ట్రేస్, తర్వాత చెప్పబోయే ఫియో అనే డిస్కు పరీక్ష సాధనం, రెండూ ఆయన రాసినవే. 2019లో రీక్యూ దారిలో, అంటే డ్రైవర్ వెనక్కి పంపినదాన్ని మళ్ళీ వరుసలో పెట్టే దారిలో, కూడా ఇదే సందు ఉందని తెలిసి, "ఇది డ్రైవర్ ఇప్పటికే సిద్ధం చేసింది" అని గుర్తున్న రిక్వెస్ట్‌లను కూడా డిస్పాచ్ లిస్ట్‌కే పంపేట్టు మార్చినారు.

మరి మాకెందుకు వచ్చింది? ఎందుకంటే ఆ గుర్తు కెర్నల్ వాళ్ళ ఫ్లాగు. మాది మా సొంత ఫ్లాగు, మా డ్రైవర్ కడుపులో ఉన్నది. బ్లాక్ లేయర్‌కు అది కనపడదు. మేస్త్రీ జోబులో చీటీ ఉందని గుమాస్తాకు ఎట్లా తెలుస్తుంది?

ఇప్పుడు సిగ్గుపడే భాగం. ఇది ఎప్పుడు మొదలైందో చూద్దామని గిట్ బైసెక్ట్ మొదలుపెట్టినాం, కోడ్ చరిత్రను సగానికి సగం చేసుకుంటూ వెతికే సాధనం. వెయ్యి మార్పులున్నా పది అడుగుల్లో తప్పు మార్పు దగ్గరికి చేరుస్తుంది, ఒక్క షరతు: "ఇది మంచిది" అన్నప్పుడు అది నిజంగా మంచిదై ఉండాలి. మా బగ్ వారానికి ఒకసారి వచ్చేది. రెండు గంటలు నడిపి రాలేదు కాబట్టి మంచిదే అన్నాం. బైసెక్ట్ బుద్ధిగా ఒక కామెంటులో అక్షర దోషం సరిదిద్దిన మార్పును దోషి అని చూపించింది. (నవ్వులు) నిజం, కోడ్ ఒక్క వరుస కూడా మారలేదు దాంట్లో. అప్పుడు పద్ధతి మార్చి, బగ్‌ను వారానికి ఒకసారి కాకుండా నిమిషానికి ఒకసారి రప్పించే పని పెట్టుకున్నాం. డ్రైవర్‌లో ఒక మీట పెట్టినాం, ప్రతి ఏడో రిక్వెస్ట్‌కు కార్డు బిజీ అని చెప్పినట్టు నటించేట్టు. ఫియోతో 4096 బైట్ల చిన్న చిన్న రాతలు వరుసగా, ఒకేసారి చాలా, మెర్జ్ అయ్యేట్టుగా. ఫియో ప్రతి ముక్కలో ఒక చెక్‌సమ్ దాచి, తర్వాత చదివి సరిచూస్తుంది. పేజీ క్యాష్ మోసం చేయకుండా డైరెక్ట్ మోడ్‌లో. నలభై సెకన్లకు పడింది మొదటి తప్పు. ఆఫీసులో ఒక తప్పు దొరికిందని చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి చూసినాను.

మళ్ళీ బైసెక్ట్ చేస్తే దొరికింది. మార్పు రాసిన మనిషి పేరు నాది.

జరిగిందేమంటే, డ్రైవర్ మొదట రాసినాయన బిజీ అయిన రిక్వెస్ట్‌లను సొంత లిస్ట్‌లో దాచుకుని తనే మళ్ళీ పంపేవాడు. అక్కడ మెర్జ్ అనేదే లేదు. కాబట్టి జాబితా దాచిపెట్టుకోవడంలో తప్పు లేదు, పైగా మంచి పొదుపు. రెండేళ్ళ తర్వాత నేను వచ్చి, "కెర్నల్ దగ్గర రీక్యూ అని చక్కటి సదుపాయం ఉంటే ఈ సొంత లిస్ట్ ఏంటికి" అని నూట నలభై వరుసలు పీకేసి శుభ్రం చేసినాను. రివ్యూలో అందరూ మెచ్చుకున్నారు. ఫ్లాగు మాత్రం అక్కడే ఉండిపోయింది, ఎందుకంటే అది వేరే ఫైల్‌లో ఉంది. నేను శుభ్రం చేసిన చోట దుమ్ము ఉంటుందని ఎవరనుకుంటారు? అందుకే అన్నాను, డ్రైవర్ మీద నాకు అనుమానం రాలేదని.

సరిచేయడం చిన్న పని. రెండు దారులు. ఒకటి, కుప్ప తాళం: కెర్నల్ ఫ్లాగు పెట్టి, దీనికి ఇంకేదీ కలపొద్దని చెప్పడం. రెండోది, చీటీ చింపడం: రిక్వెస్ట్ వెనక్కి పోయేటప్పుడే జాబితా రద్దు చేసి, డీఎంఏ మ్యాపింగ్, అంటే కార్డు నేరుగా ఆ మెమరీ చదివేదానికి ఇచ్చిన దారి, తీసేసి, ఫ్లాగు చెరిపేయడం. మళ్ళీ వచ్చినప్పుడు కొత్తగా రాస్తుంది. మొదటిది కొంచెం వేగం. రెండోదాంట్లో ఒకే పని రెండుసార్లు. నేను రెండోది ఎంచుకున్నాను. వాదన జరిగింది. నా మాట ఏమంటే, బిజీ అని వచ్చినప్పుడు ఎట్లాగూ ఆలస్యమే, ఆ కొన్ని మైక్రో సెకన్ల కోసం రేపు ఇంకెవరో వచ్చి ఇంకేదో శుభ్రం చేసేటప్పుడు మళ్ళీ ఈ గుంతలో పడే అవకాశం ఎందుకు ఉంచాలి. దాంతో పాటు కార్డుకు పంపే ముందు ఒక తనిఖీ కూడా పెట్టినాం: జాబితాలో మొత్తం బైట్లు, రిక్వెస్ట్‌లో మొత్తం బైట్లు సమానం కాకపోతే పంపొద్దు, ఎర్రర్ ఇచ్చి కేక పెట్టు. ఒక్క పోలిక. ఇది మొదటి రోజు నుంచి ఉండి ఉంటే గిడ్డంగిలో ఎవరూ తిట్లు తినేవాళ్ళు కాదు.

సరిదిద్దినామని ఎట్లా నమ్మడం? ప్యాచ్ పెట్టి మూడు రోజులు నడిపితే తప్పు రాలేదు. అది చాలదు. ప్యాచ్ తీసేసి నడిపినాం, నిమిషం లోపలే వచ్చింది. మళ్ళీ పెట్టినాం, రాలేదు. మళ్ళీ తీసినాం, వచ్చింది. నాలుగుసార్లు అట్లా చేసిన తర్వాతే సంతకం పెట్టినాను.

కస్టమర్ దగ్గర పోయిన డేటా సంగతి ఇంకా కష్టం. ఏ పేజీలు పాతవో డిస్కు చూసి చెప్పలేం, అన్నీ బాగున్నట్టే ఉంటాయి. అదృష్టం ఏమంటే వాళ్ళు పోస్ట్‌గ్రెస్ వాల్ ఫైళ్ళు దాచిపెట్టినారు, ప్రతి మార్పూ అందులో ముందు రాసుకుంటుంది, ప్రతి రికార్డుకూ సొంత సీఆర్‌సీ, అంటే ఒక రకం చెక్‌సమ్, ఉంటుంది. పాత బ్యాకప్ వేరే మెషీన్ మీద ఎక్కించి, వాల్ అంతా దాని మీద నడిపించి, వచ్చినదాన్నీ అసలు డిస్కునూ పేజీ పేజీగా పోల్చినాం. ప్రతి పేజీ తల మీద మొదటి 8 బైట్లలో చివరి మార్పు ఏదో ఉంటుంది, ఎల్ఎస్ఎన్ అంటారు. అది వెనకబడి ఉన్న పేజీలన్నీ పోయినవే. ఆ అమ్మాయి నోటుబుక్కులో ఉన్న ఎంట్రీలు ఒక్కటి కూడా మిగలకుండా అందులో దొరికినాయి. ఆ ప్రింటు ఆమెకు ఇవ్వమని ప్రత్యేకంగా రాసి పంపినాను. ఇచ్చినారో లేదో తెలీదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, మెర్జింగ్ పూర్తిగా ఆపేస్తే సరిపోయేది కదా?)

మంచి ప్రశ్న. ప్యాచ్ తయారయ్యేదాకా కస్టమర్‌కు మేం చెప్పింది అదే. కెర్నల్ సెట్టింగులు ఫైళ్ళుగా కనపడే సిస్‌ఎఫ్ఎస్‌లో నోమెర్జెస్ అని ఒక ఫైల్ ఉంటుంది, దాంట్లో 2 రాస్తే మెర్జ్ మొత్తం ఆగిపోతుంది. నొప్పి తగ్గడానికి మాత్ర లాంటిది. మనకు రోగ నిర్ధారణ కూడా అయింది, అది పెట్టగానే తప్పులు ఆగిపోయినాయి కాబట్టి. కానీ డ్రైవర్‌లో తప్పు ఉంచుకుని బ్లాక్ లేయర్ చేతులు కట్టేయడం శాశ్వతంగా చేసే పని కాదు.

(ఇంకొకరు: డిస్కులోనే చెక్‌సమ్ ఉండే పద్ధతులున్నాయి కదా సార్, 520 బైట్ల సెక్టార్లు?)

టీ10 డిఫ్ గురించి అడుగుతున్నారు. 512కు 8 బైట్లు కలిపి, డేటాకు ఒక సీఆర్‌సీ, ఇది ఏ సెక్టార్‌కు చెందిందో ఒక గుర్తు పెడతారు. డేటా చెడితే పడుతుంది, తప్పు చోట రాస్తే పడుతుంది. కానీ అసలు రాయకపోతే? పాత డేటా, పాత సీఆర్‌సీ, సరైన చోటే ఉన్నాయి. పడదు. జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు డేటా చెక్‌సమ్‌ను డేటా పక్కన కాకుండా వేరే చోట పెడతాయి, కాబట్టి అవి పట్టుకుంటాయి. మీ చెక్‌సమ్ ఎక్కడ నివసిస్తుందో చూసుకోండి, ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు.

(మరొకరు: రస్ట్‌లో రాసి ఉంటే ఈ బగ్ వచ్చేది కాదా అన్నా?)

ఈ ప్రశ్న రాకుండా ఉండదని బస్సులోనే అనుకున్నాను. (నవ్వులు) 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 నుంచి కెర్నల్‌లో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకు చోటుంది. మెమరీ తప్పులు చాలా ఆపుతుంది, నాకిష్టమే. కానీ ఇక్కడ మెమరీ తప్పు లేదు. జాబితా చూపిన మెమరీ సరైనదే, బతికున్నదే. లెక్క మాత్రం పాతది. టైపులను జాగ్రత్తగా మలిస్తే "వెనక్కి పోయిన రిక్వెస్ట్‌కు జాబితా ఉండకూడదు" అని కంపైలర్ చేతే చెప్పించొచ్చు, అది మలిచే మనిషికి ముందే తట్టాలి.

(వెనక నుంచి ఒక పెద్దాయన: అంతా బాగుంది గానీ నాయనా, ఆ ఆరు మూటలు ఏమైనాయి?)

(నవ్వులు) అయ్యా, దొరికినాయి. ఐదారు రోజులకు, యార్డులో వేరే లాటు ఎత్తుతుంటే వెనక గోడ పక్కన కనపడినాయి. రెండు మూటలు ఎలుకలు కొట్టినాయి. అప్పటికే సాహుకారు నాయన జీతంలో కోసేసినాడు. దొరికినాక తిరిగి ఇచ్చినారా నాయనా అని అడిగినాను, చిన్నపిల్లవాణ్ణి కదా. "నేను అడగలేదు రా" అన్నాడు. ఆ తర్వాత మాత్రం కుప్పలో ఒక్క మూట కలిసినా, మేస్త్రీని పిలిచి, జోబులో చీటీ తీయించి, తన చేత్తోనే చింపి, కొత్తది రాసి ఇచ్చేవాడు.